ఒక్క దవాఖానతో అయ్యే పని కాదు

2003 జూన్ నుంచి ఆగస్టు దాకా ఉత్తర తెలంగాణ పల్లెల్లో పిల్లలకు ఒళ్లు వెచ్చబడితే చాలు, తల్లుల గుండెలు జారిపోయేవి. పొద్దున జ్వరం, మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి ఫిట్స్, తెల్లారేసరికి స్పృహ లేదు. చాలామంది పిల్లలు రెండు రోజులు కూడా నిలవలేదు. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ మూడు నెలల్లో 329 మంది పిల్లలకు ఈ జబ్బు సోకిందని లెక్క తేలింది. అందులో 183 మంది చనిపోయారు. అంటే సగం కంటే ఎక్కువ. కేసులు ఎక్కువగా కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచే వచ్చాయి. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న మన కాటారం అప్పుడు కరీంనగర్ జిల్లా మండలం.

అప్పటికి 108 అంబులెన్స్ లేదు. అది హైదరాబాద్‌లో మొదలైంది 2005 ఆగస్టు 15న. కాటారం నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి సుమారు వంద కిలోమీటర్లు. హైదరాబాద్‌లోని నిలోఫర్ పిల్లల ఆస్పత్రికి పోవాలంటే మరో నూట యాభై. 48 గంటల్లో ప్రాణం తీసే జబ్బుకు ఆ దూరం ఎంతటిదో గోదావరి ఒడ్డున ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ ఆ పిల్లల నమూనాలను పరీక్షించి చాందీపుర వైరస్‌ను పట్టుకుంది. ఈ వైరస్‌ను మొదట గుర్తించింది 1965లో, మహారాష్ట్రలో నాగపూర్ దగ్గరి చాందీపుర అనే ఊళ్లో. ఇసుక ఈగల ద్వారా వ్యాపిస్తుంది. మట్టిగోడల నెర్రెలు, పశువుల కొట్టాలు వాటికి ఇష్టమైన చోట్లు. పుణె శాస్త్రవేత్తల పరిశోధన 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కథ అక్కడితో ముగిసినట్టే కనిపిస్తుంది. ముగియలేదు.

నిలోఫర్ ప్రొఫెసర్ డాక్టర్ పి. నాగభూషణరావు బృందం వేరే మాట చెప్పింది. వైరస్ పాత్ర ఏదైనా కావచ్చు, పిల్లలను చంపుతున్నది మామూలు మెదడువాపు కాదు, మెదడు రక్తనాళానికి హఠాత్తుగా తగిలే దెబ్బ అని వాళ్ల వాదం. పెద్దవాళ్లకు పక్షవాతం వచ్చినట్టు పిల్లలకు వస్తోందని అన్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘ఎపిడెమిక్ బ్రెయిన్ ఎటాక్’. వెల్లూరుకు చెందిన వైరాలజీ నిపుణుడు డాక్టర్ టి. జాకబ్ జాన్ కూడా ఆ పక్షానే నిలిచారు. ఇది పండితుల మధ్య మాటల తగవని కొట్టిపారేయడానికి లేదు. మెదడులో ఏం జరుగుతోందో తెలిస్తేనే మొదటి గంటలో ఏం చేయాలో, దేనికోసం మందు ఇవ్వాలో తేలుతుంది.

ఇలాంటి తగవును తీర్చేది వాదన కాదు, రికార్డు. ఏ పిల్లకు జ్వరం మొదలైన ఎన్ని గంటలకు ఫిట్స్ వచ్చాయి, దవాఖానకు చేరేసరికి స్పృహ ఎంత ఉంది, మెదడు ఒత్తిడి తగ్గించే మందు ఏ గంటలో పడింది, ఆ తర్వాత ఏమైంది? కరీంనగర్‌లో, వరంగల్‌లో, హైదరాబాద్‌లో ఈ ప్రశ్నలనే ఒకే వరుసలో అడిగి, ఒకే కొలతతో రాసి, ఒక్కచోట కలిపితే జవాబు బయటపడుతుంది. వందల మంది పిల్లలు అన్ని దవాఖానలకు చెల్లాచెదురుగా చేరినప్పుడు ఏ ఒక్క డాక్టరుకూ పూర్తి బొమ్మ కనిపించదు. పిల్లల అత్యవసర వైద్యంలో ప్రపంచమంతా ఉమ్మడి పరిశోధన బృందాలు పుట్టింది సరిగ్గా ఈ ఇబ్బందిలోంచే.

ఎంజీఎం ఆ తర్వాత ఒక మంచి పని చేసింది. 2005 మే నుంచి 2006 ఏప్రిల్ వరకు, అంటే జబ్బు విరుచుకుపడిన కాలంలోనే కాకుండా ఏడాది పొడుగునా, మెదడువాపు లక్షణాలతో చేరిన పిల్లలందరినీ పుణె సంస్థతో కలిసి వరుసగా నమోదు చేసింది. 90 మంది పిల్లలు చేరారు, 49 మంది చనిపోయారు. పరీక్షకు వీలైన 52 మందిలో 25 మందికి చాందీపుర సోకినట్టు తేలింది. ఉత్తర తెలంగాణ పిల్లల్లో మెదడువాపుకు ఇది పెద్ద కారణమని అప్పుడే రూఢి అయింది. రాసిపెట్టుకుంటే ఏం దొరుకుతుందో మనకు చూపించింది మన వరంగలే. నాకు ఆ అధ్యయనమంటే గౌరవం.

జబ్బు మాత్రం పోలేదు. 2024 జూన్ నుంచి ఆగస్టు మధ్య దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు నమోదై 82 మంది చనిపోయారని, 64 మందిలో చాందీపుర నిర్ధారణ అయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కేసులు ఎక్కువగా గుజరాత్‌లోనే. 2003 నుంచి రెండు దశాబ్దాలు దాటాయి. ఈ జబ్బుకు టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు.

637 మంది పిల్లలు, 19 ఐసీయూలు

పెద్దవాళ్ల గుండెజబ్బుల మీద పరిశోధన చేయాలంటే ఒక్క నగరంలోనే వేల మంది రోగులు దొరుకుతారు. ప్రాణాపాయంలో ఉన్న పిల్లల సంగతి అలా కాదు. ఒక పిల్లల ఐసీయూలో నెలకు చేరేది కొన్ని పదుల మంది. అందులో ఒకరికి న్యుమోనియా, ఒకరికి డెంగీ, ఒకరికి పాముకాటు, ఇంకొకరికి పుట్టుకతో వచ్చిన గుండె లోపం. వయసు చూస్తే ఒకరు మూడు నెలలు, ఇంకొకరు పన్నెండేళ్లు. ఒకే జబ్బు, ఒకే వయసు, ఒకే తీవ్రత ఉన్న పిల్లలను పోల్చి చూడటానికి సరిపోయినంత మందిని కూడగట్టాలంటే ఒక్క దవాఖానకు ఏళ్లు పడుతుంది. అందుకే ఐసీయూలు జట్టు కట్టాయి.

ఉత్తర అమెరికాలో పాలిసి, ఆసియాలో సింగపూర్ పిల్లల ఆస్పత్రి చొరవతో ఏర్పడిన పాక్‌మాన్ అలాంటి జట్లే. వీటికి సొంత భవనాలు అక్కర్లేదు. ఒకే ప్రశ్న, ఒకే ఫారం, అందరూ ఒప్పుకున్న నియమాలు ఉంటే చాలు. పిల్లల ఐసీయూలో రక్తం ఎప్పుడు ఎక్కించాలి అన్న ప్రశ్ననే చూడండి. హిమోగ్లోబిన్ 9.5 కంటే తగ్గగానే ఎక్కించాలా, 7 దాకా ఆగవచ్చా? నాలుగు దేశాల్లోని 19 ఐసీయూలు 2001 నుంచి 2005 దాకా శ్రమించి 637 మంది పిల్లలను ఈ అధ్యయనంలోకి తెచ్చాయి. నిలకడగా ఉన్న పిల్లల విషయంలో 7 దాకా ఆగినా నష్టం లేదని 2007లో తేలింది. రక్తం వాడకం 44 శాతం తగ్గింది. రక్తం సీసా కోసం రాత్రిపూట బంధువులు బ్లడ్ బ్యాంకుల చుట్టూ తిరిగే మన దగ్గర ఈ ఫలితం విలువ ఎంతో వేరే చెప్పాలా!

ఇంకో అధ్యయనంలో 26 దేశాల్లోని 128 పిల్లల ఐసీయూలు ఏడాది కాలంలో ముందే అనుకున్న ఐదు రోజులు ఎంచుకున్నాయి. ఆ రోజుల్లో తమ మంచాల మీద ఉన్న ప్రతి పిల్లనూ చూసి, ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్ ఎందరికి ఉందో లెక్కబెట్టాయి. వందలో ఎనిమిది మందికి ఉంది. వాళ్లలో నలుగురికి ఒకరు చనిపోయారు. ఐదు రోజుల లెక్కతో ప్రపంచానికి ఒక కొలమానం దొరికింది. ఇది మనవాళ్లకు చేతకాని పని కాదు.

లండన్‌లో సరైనది కిలిఫీలో తప్పయింది

ఇప్పుడు చెప్పబోయేది ఈ కథనంలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే సంగతి.

జ్వరంతో వచ్చిన పిల్లకు చేతులు కాళ్లు చల్లబడ్డాయి, నాడి బలహీనంగా ఉంది. ఏం చేయాలి? వెంటనే సెలైన్ వేగంగా ఎక్కించాలని దశాబ్దాల పాటు వైద్య పుస్తకాలు చెప్పాయి. కిలో బరువుకు 20 మిల్లీలీటర్లు. పది కిలోల పిల్లవాడికైతే 200 మిల్లీలీటర్లు, చిన్న సెలైన్ సీసాలో దాదాపు సగం, గంటలోపే ఒంట్లోకి పోవాలి. ధనిక దేశాల ఐసీయూల అనుభవంతో వచ్చిన సూత్రం అది. దాన్ని పెద్దగా ఎవరూ ప్రశ్నించలేదు.

కెన్యాలోని కిలిఫీలో పనిచేసే డాక్టర్ క్యాథరిన్ మెయిట్‌ల్యాండ్ బృందం ప్రశ్నించింది. కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో ఆరు దవాఖానలు కలిసి 3,141 మంది పిల్లల మీద దీన్ని పరీక్షించాయి. అవి వెంటిలేటర్లు, ఐసీయూలు లేని మామూలు దవాఖానలు. సెలైన్ వేగంగా ఎక్కించిన పిల్లల్లో 48 గంటల్లోపు చనిపోయినవాళ్లు 10.5 శాతం. అలా ఎక్కించకుండా మిగతా వైద్యమంతా చేసిన పిల్లల్లో 7.3 శాతం. ప్రాణం పోస్తుందనుకున్న వైద్యమే ప్రాణం తీస్తోందని తేలడంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. ఫలితాలు 2011లో వెలువడ్డాయి. 2020లో వచ్చిన పిల్లల సెప్సిస్ అంతర్జాతీయ మార్గదర్శకాలు దీన్ని లెక్కలోకి తీసుకున్నాయి. ఐసీయూ అందుబాటులో ఉన్న చోట ఒక పద్ధతి, ఐసీయూ లేని చోట రక్తపోటు పడిపోనంత వరకు సెలైన్ అలా వేగంగా ఎక్కించవద్దనే ఇంకో పద్ధతి సూచించాయి. ఆ మార్గదర్శకాలు రాసినవాళ్లలో చెన్నైకి చెందిన డాక్టర్ సుచిత్ర రంజిత్ ఉన్నారు.

ఊపిరి అందని పిల్లలకు వాడే బబుల్ సీప్యాప్ కథ కూడా ఇలాంటిదే. ఢాకాలో డాక్టర్ జోబాయెర్ చిస్తీ బృందం దాన్ని అతి తక్కువ ఖర్చుతో తయారుచేసింది. ముక్కుకు పెట్టిన ఆక్సిజన్ గొట్టం రెండో కొసను నీళ్లు నింపిన ఖాళీ షాంపూ సీసాలో ముంచుతారు. పిల్ల ఊపిరి వదిలినప్పుడల్లా నీళ్లలో బుడగలు లేస్తాయి. గొట్టం ఎన్ని సెంటీమీటర్లు మునిగితే ఊపిరితిత్తుల్లో అంత ఒత్తిడి నిలుస్తుంది. ఢాకాలో మామూలుగా ఆక్సిజన్ పెట్టిన 67 మందిలో పది మంది చనిపోతే, దీన్ని పెట్టిన 79 మందిలో ముగ్గురే చనిపోయారు. 2015లో ఆ ఫలితాలు చూసి ప్రపంచం సంబరపడింది. 2019లో ఆఫ్రికా దేశం మలావీలోని ఒక జిల్లా దవాఖాన నుంచి ఫలితాలు వచ్చాయి. అక్కడ సీప్యాప్ పెట్టిన పిల్లల్లో 17 శాతం, మామూలు ఆక్సిజన్ పెట్టినవాళ్లలో 11 శాతం చనిపోయారు. సూత్రం ఒకటే. ఢాకాలో పక్కనే అనుభవమున్న డాక్టర్లున్నారు, మలావీలో రోజూ వచ్చి చూసే డాక్టరు లేరు. ఆ తర్వాత ఇథియోపియాలో డాక్టర్ల పర్యవేక్షణ ఉన్న దవాఖానల్లో మళ్లీ మంచి ఫలితమే వచ్చింది.

భూపాలపల్లి దవాఖాన ఈ మూడింట్లో దేనికి దగ్గర? మహదేవపూర్ దవాఖాన? ఆ జవాబు ఢాకాలో దొరకదు, బోస్టన్‌లో అసలే దొరకదు. ఇక్కడి పిల్లలను ఇక్కడే చూసి, ఇక్కడే లెక్కగట్టి తెలుసుకోవాలి.

2024 జనవరిలో పిల్లల సెప్సిస్‌కు కొత్త కొలమానం వచ్చింది. దాని పేరు ఫీనిక్స్. ఊపిరితిత్తులు, రక్తప్రసరణ, రక్తం గడ్డకట్టే తీరు, మెదడు, ఈ నాలుగూ ఎంత దెబ్బతిన్నాయో చూసి పాయింట్లు వేస్తారు. ఇన్‌ఫెక్షన్ అనుమానం ఉండి రెండు పాయింట్లు లేదా అంతకంటే ఎక్కువ వస్తే సెప్సిస్ కిందే లెక్క. 36 లక్షలకు పైగా ఆస్పత్రి రికార్డులను జల్లెడపట్టి దీన్ని తయారుచేశారు. ఆ రికార్డులు అమెరికా, కొలంబియా, బంగ్లాదేశ్, చైనా, కెన్యాలవి. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి డాక్టర్ రాకేశ్ లోధా నిపుణుల కమిటీలో ఉన్నారు. మన పిల్లల రికార్డులు మాత్రం అందులో లేవు. ఆ అధ్యయనంలో ఒక అంకె నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఈ కొలమానం ప్రకారం సెప్సిస్ ఉన్న పిల్లల్లో, వసతులున్న చోట చనిపోయినవాళ్లు 7.1 శాతం. వసతులు తక్కువగా ఉన్న చోట 28.5 శాతం.

ఐసీయూ గుమ్మం దాకా రాని పిల్లలు

ఈ జట్ల పనిలో నాకు ఒక లోటు కనిపిస్తుంది. వాటి లెక్క ఐసీయూ గుమ్మం దగ్గర మొదలవుతుంది. మహాముత్తారం అడవి పల్లెల నుంచో, పలిమెల నుంచో బయలుదేరి దారిలో చనిపోయిన పిల్ల ఆ లెక్కలో ఉండదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక పూట, తాయెత్తు కోసం ఇంకో పూట పోయి, బండి దొరికేలోపే కన్నుమూసిన పిల్లవాడూ ఉండడు. రెండు రోజుల్లో చంపే జబ్బులో అందరికంటే ప్రమాదంలో ఉన్నవాళ్లు వీళ్లే. పత్తిచేలల్లో పాముకాటు, ఇంట్లో పెట్టిన పురుగుమందు తాగిన పసివాడు, అడవి పల్లెల మలేరియా: ధనిక దేశాల ఐసీయూలకు ఇవి అరుదు కాబట్టి వాళ్ల ప్రశ్నల్లో వీటికి చోటు దొరకదు. మన ప్రశ్న మనమే అడగాలి.

ఆ పని మొదలవ్వాల్సింది కాటారం దవాఖాన రాసిచ్చే చీటీ దగ్గర. భూపాలపల్లి, మంథని, మహదేవపూర్ దారులు కలిసే చోటు కాటారం. ఇక్కడి నుంచి పిల్లను పెద్ద దవాఖానకు పంపేటప్పుడు చేతికిచ్చే కాగితం మీద మన రాష్ట్రంలో ఎక్కడైనా మామూలుగా కనిపించేది పేరు, వయసు, ‘రెఫర్డ్ టు ఎంజీఎం ఫర్ ఫర్దర్ మేనేజ్‌మెంట్’ అన్న ఒక్క వాక్యం. అదే కాగితం మీద మరికొన్ని సంగతులు రాస్తే చాలు. జ్వరం మొదలైన రోజు, గంట. ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, ఎన్ని నిమిషాలున్నాయి. పిల్ల మెలకువగా ఉందా, పిలిస్తే పలుకుతోందా, గిల్లితేనే కదులుతోందా, అసలు కదలడం లేదా. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోంది. వేలికి పెట్టే పరికరంలో ఆక్సిజన్ ఎంత. స్ట్రిప్‌తో చూసిన షుగర్ ఎంత. బరువెంత. ఎన్ని మిల్లీలీటర్ల సెలైన్ ఎక్కింది. ఫిట్స్ ఆపే మందు ఎప్పుడు ఇచ్చారు. వీటిలో ఏదీ కోట్లు పెట్టి కొనాల్సిన యంత్రం అడగదు. ఏఎన్‌ఎంకు, 108 సిబ్బందికి ఒక్కో పిల్ల దగ్గర ఐదు నిమిషాల పని.

చీటీ వెనక్కి కూడా రావాలి. కాటారం నుంచి పంపిన పిల్ల బతికిందా, ఏ జబ్బని తేలింది, దారిలో ఇంకేం చేసి ఉండాల్సింది అన్నది ఎంజీఎం నుంచి కాటారం డాక్టరుకు తిరిగి అందకపోతే, ఆ డాక్టరు వచ్చే వానాకాలంలోనూ అదే అంచనాతో పంపుతాడు.

ఇప్పుడు కాలం కలిసొచ్చింది. మహబూబాబాద్‌లో 2022లో, భూపాలపల్లి, జనగామల్లో 2023లో, ములుగు, నర్సంపేటల్లో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. ఓరుగల్లు చుట్టూ ఇన్ని బోధనాస్పత్రులు ఎన్నడూ లేవు. వీటికి ఎంజీఎం, నిలోఫర్ తోడైతే ఉత్తర తెలంగాణ పిల్లల అత్యవసర వైద్యానికి ఒక ఉమ్మడి రిజిస్టరు పెట్టుకోవచ్చు. పీజీ విద్యార్థులు ఎలాగూ థీసిస్ రాయాలి. ఒక్కొక్కరు ఒక్కో దవాఖానలో యాభై అరవై కేసులతో ముగించే బదులు అందరూ ఒకే ప్రశ్న పంచుకుంటే ఏడాదిలో వందల కేసుల బలం వస్తుంది.

నమ్మకం సంగతి

‘మా పిల్లగాని మీద ప్రయోగం చేస్తరా?’ అని ఒక తల్లి అడిగితే ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆ ప్రశ్నకు ఈ నేలలోనే కారణముంది. 2009లో పక్కనున్న ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మంది బాలికలకు ఒక అధ్యయనం కింద హెచ్‌పీవీ టీకా వేశారు. చాలాచోట్ల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. అయినా 2010 ఏప్రిల్‌లో అధ్యయనం ఆగిపోయింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ తీరును గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. ఆదివాసీ తల్లిని అడగకుండా ఆమె బిడ్డను లెక్కలో వేసుకోవడం మాత్రం ఏ శాస్త్రమూ ఒప్పని పని.

ఫిట్స్‌తో ఉన్న బిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చిన తల్లికి పది పేజీల ఇంగ్లిష్ పత్రం ఇచ్చి సంతకం పెట్టమనడం కూడా అన్యాయమే. ఆఫ్రికా సెలైన్ అధ్యయనంలో వాళ్లు దీనికి ఒక దారి చూశారు. వైద్యం ఆపకుండా, ముందు తల్లిదండ్రుల భాషలో నోటిమాటగా చెప్పి ఒప్పుకోలు తీసుకున్నారు. బిడ్డ కుదుటపడ్డాక కూర్చోబెట్టి అన్నీ వివరించి రాతపూర్వక అనుమతి అడిగారు. ఇక్కడ అలాంటి పని జరిగితే తెలుగులో, కోయలో చెప్పగలిగే మనిషి వార్డులో ఉండాలి. వద్దన్న తల్లి బిడ్డకు వైద్యం రవ్వంత కూడా తగ్గకూడదు. తేలిన ఫలితం ముందు ఆ ఊళ్లకే తెలియాలి.

వైద్య ఆరోగ్య శాఖకు ఒక విన్నపం. కాకతీయ మెడికల్ కాలేజీ, చుట్టూ వచ్చిన కొత్త కాలేజీల పిల్లల వైద్య విభాగాలను ఒక్కచోట కూర్చోబెట్టండి. వచ్చే జూన్‌లోపు కాటారం, మహదేవపూర్, పలిమెల నుంచి కదిలే ప్రతి పిల్లకు ఒకే చీటీ, ఒకే రిజిస్టరు ఉండేలా చూడండి. దారిలో పోయిన పిల్లలనూ అందులో రాయండి.

తల్లిదండ్రులకు కూడా ఒక మాట. పిల్లకు ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కు ఫోన్ చేయండి. ఫిట్స్ మొదలైన టైము గుర్తుపెట్టుకోండి. పెద్ద దవాఖానకు రాసిచ్చినప్పుడు ఏ మందు ఇచ్చారో, ఎంత ఇచ్చారో, ఏ టైముకు ఇచ్చారో ఆ చీటీ మీద రాయమని అడగండి. అడగడం మీ హక్కు.